జీవజాల తోట: మొదటి విడత జమా ఖర్చుల వివరణ

కప్పలు, సీతాకోకచిలుకలు, పిట్టలు వచ్చి బతికేలా మనం వేసుకున్న ఈ తోటకు చందా ఇచ్చినవారికి, పలుగూ పారా పట్టినవారికి కమిటీ నమస్కారాలు.

మొదటి విడత పనులు పూర్తయ్యాయి. రసీదు పుస్తకాలు, ఓచర్లు, పాస్‌బుక్ కోశాధికారి దగ్గర ఉన్నాయి. పైసలతో సహా చూడాలనుకున్నవారు అక్కడ చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం వచ్చిన ప్రతి 100 రూపాయల్లో ఎంత ఎటు పోయిందో రాస్తున్నాం. బారెడు పట్టీ అంటిస్తే ఎవరూ చివరిదాకా చదవరు.

జమ: ఇంటింటి చందాలు 61, విడి విరాళాలు 22, మనం పెంచిన నారు మొక్కలు అమ్మగా వచ్చింది 17. గేటు మీద తమ పేరు రాయించాలన్న షరతుతో ఒక విరాళం వచ్చింది కానీ తీసుకోలేదు, కాబట్టి అది లెక్కలో కనబడదు. శ్రమదానానికి వెల కట్టలేదు.

ఖర్చులో పెద్ద పద్దు నీటిగుంట: 34. "గుంటకు ఇంతా?" అని చాలామంది అడిగారు. తవ్వకం చాలావరకు మన చేతులతోనే అయింది, డబ్బు పోయింది నీళ్లు ఇంకిపోకుండా అడుగున పరిచిన షీటుకే. అన్నే నీళ్లు పట్టేలా నిట్టనిలువు గోడలతో తవ్వితే షీటు తక్కువ పట్టేది. కానీ నీళ్లు తాగబోయి జారిపడిన ఉడుత గానీ, అప్పుడే కాళ్లొచ్చిన కప్పపిల్ల గానీ పైకి ఎక్కిరాలేకపోయేవి. అందుకే ఒక వైపు బాగా వాలుగా తీసి, గులకరాళ్లు పోశాం. ఆ వాలుకే షీటు ఎక్కువైంది. రాళ్లు గుచ్చుకోకుండా షీటు కింద వేసిన పాత తివాచీలు మాత్రం ఊరికే వచ్చాయి.

దోమల టెన్షన్‌తో చేపలు వేయమన్నారు కొందరు. చేపలు దోమ పిల్లలతో ఆగవు. తోకకప్పల్నీ, తూనీగ పిల్లల్నీ కూడా మింగేస్తాయి. తూనీగ పిల్లదశంతా నీళ్లలోనే గడుస్తుంది, దోమ పిల్లలు దానికి మంచి మేత. ఆ పని దానికే వదిలేశాం. చేపల పద్దు లేదు.

కంచె, గేటు: 19. కప్పలు, తొండలు తిరగడానికి కంచె అడుగున అక్కడక్కడ బెత్తెడు సందు వదిలాం. అది పని ఎగ్గొట్టడం కాదని గమనించగలరు.

మొక్కలు: 13. ఇందులో పూలమొక్కల కంటే గొంగళిపురుగులు తినే మొక్కలే ఎక్కువ. సీతాకోకచిలుక తేనె రకరకాల పూల మీద తాగుతుంది గానీ, గుడ్లు మాత్రం తన పిల్లలు తినే ఆకు మీదే పెడుతుంది. నిమ్మజాతి మొక్కల మీద ఒక రకం, జిల్లేడు మీద ఇంకో రకం. జిల్లేడు ఎక్కడపడితే అక్కడ మొలుస్తుంది, దానికి పైసా పెట్టలేదు. నిమ్మ ఆకులు చిల్లులు పడ్డాయి, మందు కొట్టించండని ఫిర్యాదులు వచ్చాయి. ఆ చిల్లుల కోసమే కదా ఆ మొక్క కొన్నది! పురుగుమందుల పద్దు సున్నా, ఇకముందూ అంతే.

ఎండు దుంగలు: 6. దుంగలకు డబ్బులిచ్చారని మాట పుట్టింది. దుంగలు ఉచితమే, ఇది ట్రాక్టర్ కిరాయి. దీనికి బిల్లు లేదు, డ్రైవర్ సంతకం చేసిన ఓచర్ ఉంది. దుంగల్ని సగం మట్టిలో పాతాం. పుచ్చుతున్న కర్రలోనే కొన్ని పెంకు పురుగుల పిల్లలు పెరుగుతాయి, ఆ పురుగుల కోసం పిట్టలు వస్తాయి.

ఒంటరి తేనెటీగల గూడు: 3. ఖర్చు తక్కువ, పని ఎక్కువ. ఒక చివర కణుపు ఉండేలా వెదురు కోసి, పేళ్లు రెక్కల్ని చీల్చకుండా మూతుల్ని గరుకు కాగితంతో రుద్దాలి. ఈ తేనెటీగలు తుట్టె పెట్టే రకం కాదు, గుంపుగా వచ్చి మీద పడవు. ఒక గొట్టం మూతికి అప్పుడే గుండ్రంగా కత్తిరించిన ఆకు ముక్కలు బిరడాలా బిగించి ఉన్నాయి. లోపల గుడ్లున్నట్టే, దయచేసి పుల్లలతో పొడవకండి.

పనిముట్లు 9, బోర్డులు, రసీదు పుస్తకాల అచ్చు 4.

మొత్తం ఖర్చు 88, నిల్వ 12. ఆ నిల్వతో బెంచీలు వేయించాలని కొందరి సూచన. కమిటీ ఒప్పుకోలేదు. వేసవిలో గుంట ఎండితే నీళ్లు తోలించాలి, షీటు చిరిగితే అతుకు వేయించాలి. ఆ రెండూ తేలాకే బెంచీల మాట.

చందా ఇచ్చీ రసీదు అందనివారు ఎవరికి ఇచ్చారో చెబితే, పుస్తకంలో చూసి నకలు ఇస్తాం.