తెలుగులో పేరు రాసి నేమ్‌ప్లేట్ ఆర్డర్ ఇచ్చినవారికి

ఈ మధ్య మా వెబ్‌సైట్‌లో తెలుగు పేరుతో ఇత్తడి నేమ్‌ప్లేట్ ఆర్డర్ చేసినవారికి మా నుంచి ఫోన్ వస్తుంది. దయచేసి ఎత్తండి. మీ డబ్బు చేరింది, ఫోన్ నంబరు చేరింది, పేరు మాత్రం చేరలేదు. దాని చోట వరుసగా ప్రశ్నార్థకాలు ఉన్నాయి. పెంబర్తిలో పనివారు ఆ కాగితం చూసి పని ఆపారు కాబట్టి సరిపోయింది. ఇత్తడిపై ఉలి పడ్డాక చెరపడం కుదరదు.

హనుమకొండ దుకాణంలో ఇచ్చిన ఆర్డర్లు పుస్తకంలో రాసుకున్నవి, వాటికి ఇబ్బంది లేదు. ఇంగ్లిష్‌లో రాసిన పేర్లకూ ఏమీ కాలేదు. ఎక్కువ ఆర్డర్లు అవే కావడంతో విషయం ఆలస్యంగా బయటపడింది.

మా ఆర్డర్లు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంటాయి. ప్రత్యేకంగా చెప్పకపోతే అది అక్షరాలను లాటిన్-1 అనే, పశ్చిమ యూరప్ భాషల కోసం చేసిన పద్ధతిలో దాచేది. 2018లో 8.0 వెర్షన్ వచ్చాకే ఆ అలవాటు మారింది. మా పట్టిక అంతకంటే పాతది. లాటిన్-1లో తెలుగుకు చోటే లేదు, అయినా ఇన్నేళ్లూ తెలుగు పేర్లు చక్కగా కనిపించాయి. ఎందుకంటే వెబ్‌సైట్ ప్రోగ్రాం కూడా తాను పంపేది లాటిన్-1 అనే చెప్పేది. నిజానికి పేర్లు వచ్చేది అన్ని భాషలనూ రాయగల యూటీఎఫ్-8 పద్ధతిలో. అందులో ఒక్కో తెలుగు గుర్తుకు (అక్షరం, గుణింతం, పొల్లు ఏదైనా) మూడు బైట్లు, అంటే కంప్యూటర్ దాచుకునే మూడు చిన్న ముక్కలు. వాటిని మూడు లాటిన్ అక్షరాలనుకుని డేటాబేస్ అలాగే దాచి, అడిగినప్పుడు అలాగే ఇచ్చేది. రెండు వైపులా ఒకే అబద్ధం కాబట్టి లెక్క కుదిరింది.

చెల్లింపుల భాగం మార్చినప్పుడు కొత్త ప్రోగ్రాం నిజం చెప్పింది, తాను పంపేది యూటీఎఫ్-8 అని. దాంతో పాత పేర్లన్నీ గీతలు, చిన్న సున్నాలు తగిలించుకున్న లాటిన్ అక్షరాలుగా కనిపించాయి. కొత్త పేర్లను డేటాబేస్ లాటిన్-1లోకి మార్చబోయి, సాటి అక్షరం దొరకక ప్రశ్నార్థకం పెట్టింది. ఇలాంటి ఆర్డర్‌ను వెనక్కి కొట్టే కఠిన పద్ధతి ఆ సర్వర్‌లో ఆపేసి ఉంది. అది పనిచేస్తూ ఉంటే మొదటి ఆర్డర్‌కే తెలిసిపోయేది.

చూడటానికి గజిబిజిగా ఉన్న పేర్లే క్షేమంగా ఉన్నాయి. వాటి బైట్లు చెక్కుచెదరలేదు. ముందు నకలు తీసుకుని, ఆ గడిని మొదట ముడి బైట్ల రకానికి, తరువాత యూటీఎఫ్8ఎంబీ4కు, అంటే నాలుగు బైట్ల వరకు పట్టే యూటీఎఫ్-8కు మార్చాం. నేరుగా మార్చితే ఆ గజిబిజే శాశ్వతమయ్యేది. ప్రశ్నార్థకాల సంగతి వేరు. ‘శ్రీనిలయం’ అని రాస్తే మిగిలినవి తొమ్మిది ప్రశ్నార్థకాలు. ఎన్ని గుర్తులో తెలుస్తుంది, ఏ గుర్తులో తెలియదు. వాటిని ఎవరూ తిరిగి తేలేరు, అందుకే ఈ ఫోన్లు.

ఎంబీ4 ఎందుకంటే, ఆ డేటాబేస్‌లోని పాత యూటీఎఫ్8 మూడు బైట్ల దగ్గరే ఆగిపోతుంది. తెలుగుకు అది చాలు, నాలుగు బైట్ల ఎమోజీలకు చాలదు. మీలో కొందరు పేరు పక్కన దీపం బొమ్మ పెడుతున్నారు మరి. దాన్ని చెక్కమని మాత్రం అడగకండి.

ఇంకో లోపం మిగిలి ఉంది. ‘రాజ్‌కుమార్’లో ‘జ్’ పక్కన ‘కు’ విడిగా నిలబడాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి. అనవసర ఖాళీలు తీసేసే భాగం దాన్నీ తీసేస్తోంది, పేరు ‘రాజ్కుమార్’ అవుతోంది. అది సరయ్యేవరకు, ఆ తరువాత కూడా, ప్రతి పేరు నమూనా చిత్రం వాట్సాప్‌లో పంపుతాం. మీరు సరే అన్నాకే ఉలి పడుతుంది.

ప్రెస్సులో ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లతో కొట్టించిన పేరును తెచ్చి అతికించకండి. ఆ ఫాంటు లేనిచోట అది అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగానే కనిపిస్తుంది. ఫోన్‌లోని తెలుగు కీబోర్డుతో రాయండి, లేదా కాగితంపై రాసి ఫొటో పంపండి.

ఆగిన ఆర్డర్లు ఆలస్యమవుతాయి. వద్దనుకున్నవారికి డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాం. గృహప్రవేశ ముహూర్తం దగ్గర పడినవారు మా ఫోన్ కోసం ఆగకుండా మీరే చేయండి, మీ పలకలను ముందు పెంబర్తికి పంపుతాం.