కేబీఆర్ పార్కు శబ్దాలను కాపాడండి: అటవీ శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ అటవీ శాఖ ప్రధాన ముఖ్య సంరక్షణాధికారి గారికి,

నమస్కారములు.

హైదరాబాదు నడిబొడ్డున, 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి వనంలో నెమళ్ల కేకలు, ఎండాకాలపు కోకిల కూతలు, తొలకరి రాత్రి కప్పల బెకబెకలు ఇంకా వినిపిస్తున్నాయి. ఉష్ణోగ్రత, తేమ మారితే కప్పలు, కీచురాళ్లు అరిచే వేళలు, వాటి అరుపుల వేగం కూడా మారతాయి గనుక, ఏళ్ల తరబడి భద్రపరచిన శబ్దాలు వాతావరణ మార్పును గణాంకాల పట్టికలు చదవని సామాన్యుల చెవికి సైతం తెలియజేయగలవు. పక్షుల కూతలు వింటే ఆందోళన తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి; ఉదయపు నడకకు వచ్చేవారికి ఆ రుజువు అక్కరలేదనుకోండి.

అయితే చుట్టూ ఉన్న రహదారిపై హారన్ల మోత వనం అంచుల్లో ఆ కూతలను మింగేస్తోంది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం ఆసుపత్రులు, బడులు, న్యాయస్థానాల వంటి వాటి చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలంలో శబ్దం పగలు 50, రాత్రి 40 డెసిబెళ్లు మించరాదు. ఉద్యానం చుట్టూ కూడా ఆ పరిమితి కచ్చితంగా అమలయ్యేలా పోలీసు, కాలుష్య నియంత్రణ అధికారులతో మాట్లాడాలని కోరుతున్నాను. వన్యప్రాణులను కంటితో లెక్కించడం ఒక్కటే చాలదు. కీచురాళ్లను ఎవరు చూసి లెక్కిస్తారు? లోపల అన్ని రుతువుల్లోనూ పనిచేసే రికార్డర్లు అమర్చి, ఆ శబ్దాలను బడిపిల్లలూ ప్రజలూ ఉచితంగా వినే వీలు కల్పించగలరు.

ఇట్లు,
హైదరాబాదు పౌరుడొకరు