అప్రెంటిస్ సీటును కొలువు అని రాయకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఈ మధ్య మీ చదువుల పేజీలో 'అణు విద్యుత్ కేంద్రంలో కొలువులు' అని పెద్ద అక్షరాలతో ఒక వార్త వచ్చింది. మర్నాడు పొద్దున్నే మా వీధి కుర్రాళ్లు ఇద్దరు ఆ కాగితం పట్టుకుని మా అరుగు మీద కూర్చున్నారు. ఒకడు ఫిట్టర్, ఇంకొకడు ఎలక్ట్రీషియన్. ఇద్దరూ ఐటీఐ పూర్తిచేసినవాళ్లే. "మాస్టారూ, జీతం ఎంత ఉంటుంది?" అని అడిగారు. కళ్లద్దాలు తెచ్చుకుని చివరిదాకా చదివాక తేలింది, అవి ఉద్యోగాలు కావు, ఏడాది పాటు పని నేర్పి పంపించే ట్రేడ్ అప్రెంటిస్ సీట్లని. ఆ మాట మీరు రాయలేదని అనను. రాశారు, ఆరో వాక్యంలో.

ఐటీఐలో ముప్ఫై ఏళ్లకు పైగా ఫిట్టర్ పాఠాలు చెప్పినవాణ్ని. ఈ తికమక నాకు కొత్త కాదు. అణు విద్యుత్ సంస్థ ఎన్‌పీసీఐఎల్‌లోకి ఐటీఐ పిల్లలకు రెండు దారులున్నాయి. ఒకటి స్టైపెండరీ ట్రైనీ. దీనికి రాత పరీక్ష, నైపుణ్య పరీక్ష ఉంటాయి. శిక్షణలో నెగ్గితే టెక్నీషియన్‌గా తీసుకుంటారు. రెండోది 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఇచ్చే సీటు. మార్కులు చూసి ఎంపిక చేస్తారు, స్టైపెండు ఇస్తారు, గడువు తీరాక ధ్రువపత్రంతో ఇంటికి పంపుతారు. అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణార్థి మాత్రమేనని చట్టమే చెబుతోంది. ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదని 2014 సవరణ దాకా అందులోనే ఉండేది. మొదటి దానికి కట్టాల్సిన ఆశ రెండో దాని మీద కట్టుకుని ఊరు వదిలి వెళ్లే పిల్లలను చాలామందిని చూశాను.

అలాగని వెళ్లవద్దని నేను ఎవరికీ చెప్పను. నా దగ్గర చదివిన కుర్రాడు ఒకడు వేరే రాష్ట్రంలో, అణు విద్యుత్ కేంద్రంలో అప్రెంటిస్ చేసి వచ్చాడు. ఆ సంక్రాంతికి మా పెరటి మోటారు మొరాయిస్తే తానే విప్పుతానన్నాడు. ముందు మెయిన్ ఆపాడు. ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. స్విచ్ బోర్డుకు 'పని జరుగుతోంది, ముట్టుకోవద్దు' అని అట్టముక్క వేలాడదీశాడు. మా ఆవిడ నవ్వింది. నేల మీద నా పాత పంచె పరిచి, తెచ్చుకున్న పనిముట్లన్నీ లెక్కపెట్టి కాగితం మీద రాసుకున్నాడు. విప్పిన ప్రతి బోల్టు, ప్రతి వాషరు ఆ లెక్కలో చేరాయి. బిగించే వేళకు ఒక వాషరు తగ్గింది. పావుగంట వెతికాడు. "పోనీరా, రూపాయి వాషరు, కొత్తది వేద్దాం" అన్నాను. "కొత్తది వేస్తాను మాస్టారూ. కానీ పాతది ఎక్కడుందో తెలియకుండా మూత బిగించకూడదు. అక్కడ గొట్టంలో చిన్న ముక్క పడిపోయినా నీళ్లతో పాటు ఎక్కడికి చేరుతుందో చెప్పలేం" అన్నాడు. చివరికి అది పంచె మడతలో దొరికింది. నా దగ్గర రెండేళ్లు చదివినప్పుడు ఆకురాయిని బల్ల మీద తిన్నగా పెట్టడం కూడా రాని పిల్లవాడు వాడు.

తల్లులు నన్ను అడిగేది మాత్రం జీతం గురించి కాదు, రేడియేషన్ గురించి. అడగాల్సిందే. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ప్రకారం సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకే రేడియేషన్‌కు కొలత ఇది), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య శిక్షణార్థులకు ఆ హద్దు 6 మాత్రమే. ఎంత సోకిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఛాతీ దగ్గర ఉంటుంది. ఆ బ్యాడ్జిని పరీక్షించి తేల్చిన అంకెను తానే అడిగి తెలుసుకోమని పంపే ముందు ప్రతి కుర్రాడికీ చెబుతాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇంత శ్రద్ధగా నేర్చుకున్న ఏడాదికి తర్వాత ఏ విలువ ఉంటుందో నోటిఫికేషన్ చేతికి వచ్చిన రోజే పిల్లవాడికి తెలియాలి. రైల్వేను చూడండి. తన దగ్గర అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1, అంటే అన్నిటికన్నా కింది స్థాయి, నియామకాల్లో 20 శాతం కేటాయిస్తోంది. ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు, మిగతావన్నీ సమానంగా ఉంటే శిక్షణ పొందిన అప్రెంటిస్‌కే మొగ్గు చూపాలంది. 2014 సవరణ వచ్చాక, శిక్షణ పూర్తయిన అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకునే విధానాన్ని ప్రతి సంస్థా తానే రూపొందించుకోవాలి. ఆ విధానాన్ని ప్రకటన మొదటి పుటలో, మనకు అర్థమయ్యే భాషలో అచ్చువేయడానికి అడ్డేమిటి? టెక్నీషియన్ శిక్షణకు సాధారణ అభ్యర్థి వయసు 24 దాటకూడదు. ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఒక ఏడాది అంటే ఎంతో అధికారులకు ఒకరు చెప్పాలా?

శ్రీకాకుళం జిల్లావాణ్నైన నేను ఇదంతా రాయడానికి కారణం కొవ్వాడ. రణస్థలం మండలంలోని ఆ ఊళ్లో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున, ఏపీ1000 అనే అమెరికా రకం రియాక్టర్లు ఆరు కడతామని ఏళ్లుగా అంటున్నారు. 2047 నాటికి దేశంలో 100 గిగావాట్ల అణు విద్యుత్ అని 2025 బడ్జెట్‌లో లక్ష్యం పెట్టారు. 2025 చివరికి ఉన్నది తొమ్మిది గిగావాట్లకు కాస్త తక్కువ. కొవ్వాడ వద్దనేవాళ్లు, కావాలనేవాళ్లు ఇద్దరూ మా ఊళ్లలో ఉన్నారు. ఆ వాదన ఇక్కడ తెగేది కాదు. కానీ కడితే అందులో వాల్వులు విప్పేది, పైపులు అతికేది, మీటర్లు చూసేది ఎవరు? భూములిచ్చిన గ్రామాల పిల్లలకు కాపలా, తోటపని మిగిలి, టెక్నీషియన్లు బయటినుంచి దిగితే ఆ తప్పు ఎవరి మీద వేస్తాం?

అమెరికాలోని జార్జియాలో ఇదే రకం రియాక్టరు, వోగల్ మూడో యూనిట్, 2013లో కాంక్రీటు మొదలుపెడితే 2023లో వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. పదేళ్లు! అంటే ఇక్కడ రేపే పని మొదలైనా, దాన్ని నడిపే ఫిట్టరు ఈ రోజు ఏడో తరగతిలో ఉన్నాడు. వాడికి చేతిపని నేర్పడానికి కావలసినంత సమయం ఉంది, నేర్చుకునే చోట్లూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయంలో జిర్కోనియం మిశ్రమ గొట్టాల్లో యురేనియం నింపి, ముప్ఫై ఏడు గొట్టాలను అరమీటరు పొడవున్న ఒక్క కట్టగా అతుకుతారు. ఆ అతుకు చూసిన వెల్డర్ తన పనిని ఇంకెప్పుడూ ఉజ్జాయింపుగా చేయడు.

రాష్ట్ర ప్రభుత్వాన్ని నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. కొవ్వాడ నిర్వాసిత గ్రామాల పిల్లలు ఇప్పుడు నడుస్తున్న కేంద్రాలకు అప్రెంటిస్‌లుగా వెళ్తే వాళ్ల బస, భోజనం ఖర్చు భరించండి. 2019 నిబంధనలు ఐటీఐ అభ్యర్థికి పెట్టిన కనీస స్టైపెండు నెలకు 7,000 రూపాయలు. ఊరుకాని ఊళ్లో గది అద్దె, మెస్సు బిల్లు కట్టాక ఇంటికి ఫోను చేయడానికి మిగులుతుంది, అంతే. అందుకే సీటు వచ్చినా వెళ్లని పిల్లలున్నారు.

మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. మా అరుగు మీది ఇద్దరిలో ఎలక్ట్రీషియన్ కుర్రాడు ఆ రోజే దరఖాస్తు పెట్టాడు, అది ఉద్యోగం కాదని తెలిసే పెట్టాడు. ఫిట్టర్ కుర్రాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇంట్లో అడిగి చెబుతానన్నాడు. ఈసారి శీర్షికలో 'కొలువులు' బదులు 'ఏడాది శిక్షణ' అని వేయండి.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
శ్రీకాకుళం జిల్లా