పాటించగలిగే ఉత్తర్వే ఇవ్వండి: మేయర్ గారికి బహిరంగ లేఖ

మేయర్ గారికి నమస్కారం.

అల్లర్లు చెలరేగినప్పుడు, వరదో భూకంపమో వచ్చినప్పుడు ఎమర్జెన్సీ ప్రకటించే అధికారం మేయర్ చేతిలో ఉండాలా వద్దా అని ఎవరైనా అడిగితే, ఉండాలనే అంటాను. నీళ్లు వీధుల్లోకి వచ్చేశాక కౌన్సిల్‌ను పిలిచి, కోరం చూసుకుని, ఓటింగ్ పెట్టేంత టైమ్ ఉండదు. రోడ్లు మూయించాలి, జనాన్ని ఖాళీ చేయించాలి, టెండర్లు పక్కన పెట్టి పంపులూ జనరేటర్లూ కొనాలి. ఇవన్నీ ఎవరో ఒకరు గంటల్లో తేల్చాల్సిన పనులు. ఆ ఒక్కరూ జనం ఓటేసి గెలిపించిన మనిషైతే నాకు ఇంకా ధైర్యం.

నా భయమల్లా ఒక్కటే. ఉత్తర్వు మీద సంతకం పెట్టే ముందు, దాన్ని జనం పాటించగలరా అని ఎవరూ చూడటం లేదు. పాటించే వీలు లేని కర్ఫ్యూ పెడితే, ఏ తప్పూ చేయని మనిషి కూడా కర్ఫ్యూ గంట కొట్టిన మరుక్షణం నేరస్తుడైపోతాడు.

2020 మే 30న షికాగోలో జరిగింది చూడండి. పోలీసుల చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ మరణించడం మీద నిరసనలు డౌన్‌టౌన్‌లో అల్లర్లుగా మారాయి. మేయర్ లోరీ లైట్‌ఫుట్ రాత్రి తొమ్మిది నుంచి కర్ఫ్యూ అని ప్రకటించేసరికి దాదాపు ఎనిమిదిన్నర అయింది. అదే సాయంత్రం నది మీది వంతెనలు పైకెత్తారు, డౌన్‌టౌన్‌కు బస్సులూ రైళ్లూ ఆపేశారు. గుంపులు ఒకచోటు నుంచి ఇంకోచోటుకి పాకకూడదని అలా చేశారు, ఆ ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఇళ్లకు వెళ్లిపొమ్మని చెప్పిన అరగంటలోనే, వెళ్లే దారి కూడా లేకుండా పోయింది.

అలాంటి రాత్రి హోటల్ గదులు శుభ్రం చేసి డ్యూటీ దిగిన ఒక ఆవిడ పరిస్థితి ఆలోచించండి. చేతిలో ఫోన్‌కు మెసేజ్ వస్తుంది, తొమ్మిది తర్వాత బయట ఉండకూడదని. బస్సు లేదు. ఎదురుగా వంతెన లేచి ఉంది. పనికి వెళ్లొచ్చేవాళ్లకు మినహాయింపు ఉందని ఉత్తర్వులో ఎక్కడో ఒక వాక్యం ఉండొచ్చు. హెల్మెట్లు పెట్టుకుని వరసగా నిలబడ్డ పోలీసులకు ఆవిడ ఏం చూపించాలి? మెడలో ఐడీ కార్డు లేని పనులు చేసేవాళ్లే ఆ వేళకి రోడ్డు మీద ఎక్కువగా ఉంటారు.

విపత్తులోనూ ఇంతే. 2005 ఆగస్టు 28 ఉదయం అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ మేయర్ రే నేగిన్ నగరం ఖాళీ చేయాల్సిందేనని ఉత్తర్వు ఇచ్చారు. మర్నాడు ఉదయానికి కత్రినా తుఫాను తీరం దాటింది. కార్లున్నవాళ్లలో చాలామంది వెళ్లిపోయారు. కార్లు లేనివాళ్లు వేలమంది సూపర్‌డోమ్ స్టేడియంలో తలదాచుకున్నారు. వరసగా నిలబెట్టిన స్కూల్ బస్సులు కిటికీల దాకా నీళ్లలో మునిగి ఉన్న ఫోటో ప్రపంచమంతా చూసింది. బస్సులున్నాయి, ఉత్తర్వూ ఉంది, ఆ రెండింటినీ కలిపే ఏర్పాటు లేదు.

ఇంకా పాత కాగితం ఒకటుంది, మీ ఆఫీసులో ప్రతి ఒక్కరూ చదవాల్సింది. 1906 ఏప్రిల్ 18న శాన్ ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చిన రోజే మేయర్ యూజీన్ ష్మిట్జ్ ఒక ప్రకటన అచ్చు వేయించారు. గ్యాస్ పైపులు లీకవుతున్నాయి, పొయ్యి గొట్టాలు పగిలాయి, నిప్పుతో జాగ్రత్త అని అందులో ఉంది. చీకటి పడ్డాక తెల్లారేదాకా ఇళ్లలోనే ఉండమని విన్నపం ఉంది. ఆ సమయానికి అంతకంటే పనికొచ్చే మాటలు ఉండవు. అదే కాగితంలో, లూటీ చేస్తూగానీ మరే నేరం చేస్తూగానీ దొరికినవాళ్లను చంపేయడానికి సైనికులకూ పోలీసులకూ అధికారం ఇచ్చినట్టు కూడా ఉంది. అలాంటి అధికారం ఏ చట్టమూ ఆ మేయర్‌కు ఇవ్వలేదు. కూలిన తన ఇంట్లోంచి సామాన్లు తీసుకుంటున్న మనిషికీ దొంగకీ తేడా తుపాకీ పట్టుకున్నవాడికి దూరం నుంచి ఎలా తెలుస్తుంది? భయంలో ఉన్న మనిషి ఒకే కాగితంలో మంచి మాటా, ఘోరమైన మాటా రెండూ రాయగలడు. అందుకే ఈ ఉత్తర్వుల ముసాయిదాలు ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే రాసి పెట్టుకోమంటున్నాను.

కర్ఫ్యూ ముసాయిదాలో మొదటి వాక్యంలోనే ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, ఏ వీధి నుంచి ఏ వీధి దాకా అన్నది ఉండాలి. ప్రకటనకూ అమలుకూ మధ్య కనీసం మూడు గంటలు ఉంచండి. అంత ఆగలేని పరిస్థితి అయితే మొదటి మూడు గంటల్లో అరెస్టులు ఉండవని, ఇంటికి పంపించడమే ఉంటుందని రాయండి. చివరి బస్సు వెళ్లాకే కర్ఫ్యూ మొదలవ్వాలి. పనికి వెళ్తున్నాననో, ఆసుపత్రికి వెళ్తున్నాననో మనిషి నోటితో చెబితే చాలు, కార్డు అడగొద్దు. ఇల్లు లేక రోడ్డు మీదే పడుకునేవాళ్లను ఇంట్లో ఉండమనడంలో అర్థం లేదు, వాళ్లకు ఎక్కడ చోటు ఇస్తారో అందులోనే చెప్పండి.

భాష విషయంలో జపాన్‌ను చూడొచ్చు. అక్కడ జనాన్ని ఖాళీ చేయించే ఉత్తర్వు ఇచ్చేది స్థానిక మేయర్లే. ఖాళీ చేయమన్న సూచన ఒకటి, ఆదేశం ఒకటి విడివిడిగా ఉండటంతో ఎప్పుడు కదలాలో జనానికి తెలియడం లేదని, 2021లో చట్టం మార్చి రెండింటినీ కలిపి ఒక్క ఆదేశంగా చేశారు.

ఇక గడువు. కాలిఫోర్నియాలో ఒక అధికారి ప్రకటించిన స్థానిక ఎమర్జెన్సీని ఏడు రోజుల్లోగా పాలకమండలి ఆమోదించకపోతే అది చెల్లదు. టెక్సస్‌లో మేయర్ ప్రకటన ఏడు రోజులు దాటాలంటే పాలకమండలి ఒప్పుకోవాలి. న్యూజిలాండ్‌లోనూ పొడిగించకపోతే ఏడు రోజులకు ముగిసిపోతుంది. తుఫాను వల్ల ఇబ్బంది ఉన్నా వారంలో కౌన్సిల్ ఒకసారి కూర్చోగలదు. అల్లర్ల కర్ఫ్యూకైతే నా లెక్కలో ఏడు రోజులు కూడా ఎక్కువే, మూడు చాలు.

అమలు తీరు ఇంకో తలనొప్పి. 1999లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశాలప్పుడు సియాటిల్ మేయర్ పాల్ షెల్ డౌన్‌టౌన్‌లో కొంత భాగంలోకి నిరసనకారులు రాకుండా ఎమర్జెన్సీ ఉత్తర్వు ఇచ్చారు. 2005లో అప్పీలు కోర్టు ఆ ఉత్తర్వును తప్పుపట్టలేదు. కానీ అరెస్టులు జరిగిన తీరు మీద 2007లో జ్యూరీ నగరాన్నే దోషిగా తేల్చింది, నగరం పది లక్షల డాలర్లకు రాజీ పడింది. కాబట్టి కర్ఫ్యూ ఎత్తేశాక నెలలోపు ఎంతమందిని పట్టుకున్నారు, ఎక్కడ పట్టుకున్నారు, ఎంతమంది మీద కేసులు నిలిచాయి అన్న లెక్క బయటపెట్టండి. కోర్టు అడిగేదాకా ఆగొద్దు.

మన నగరంలో ఈ ముసాయిదాలు ఉంటే వాటిని జనానికి చూపించండి. లేకపోతే వచ్చే కౌన్సిల్ సమావేశం అజెండాలో పెట్టించండి. బస్సు డ్రైవర్లనూ, నైట్ షిఫ్టులు చేసేవాళ్లనూ పిలిచి, కర్ఫ్యూ పెడితే ఇంటికెలా చేరతారో ముందు వాళ్లనే అడగండి. నా వంతు మాట్లాడటానికి నేనూ వస్తాను.

ఇట్లు
ఈ నగర పౌరుడు