మూడేళ్లలోపు పసివాళ్ల కోసం ఒంగోలులో ఒక పీజీ కోర్సు

సంపాదకులకు,

జాతీయ విద్యా విధానం వచ్చినప్పటి నుంచి మూడేళ్లు నిండిన పిల్లల పూర్వ ప్రాథమిక విద్య గురించి పత్రికల్లో విరివిగా చర్చ సాగుతోంది. అంతకన్నా చిన్నవాళ్ల ఎదుగుదల గురించి, వాళ్లను పెంచుతున్న కుటుంబాలకు అండగా నిలవడాన్ని నేర్పే చదువు గురించి మాత్రం ఎవరూ ప్రస్తావించడం లేదు. ఈ అంశంలో ఒంగోలులోని ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం రెండేళ్ల పీజీ కోర్సును ప్రారంభించాలని, గృహవిజ్ఞానం బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకురాలిగా కోరుతున్నాను.

1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైన నాటి నుంచీ ఆరేళ్లలోపు పిల్లలందరూ దాని పరిధిలోనే ఉన్నారు. అయినా మూడేళ్లలోపు వారికి అందేది ప్రధానంగా ఇంటికిచ్చే పోషకాహారం, బరువు తూచడం, టీకాలు. ఆశా కార్యకర్త నవజాత శిశువును 42 రోజుల వరకు, ఆ తరువాత 3, 6, 9, 12, 15 నెలల్లో ఇంటికి వెళ్లి చూడాలి. 15వ నెల దాటాక, మూడేళ్లు నిండి అంగన్‌వాడీ గడప తొక్కేదాకా, అలాంటి క్రమం తప్పని పలకరింపు లేదు. మాటలు రావడం, మొండితనం మొదలవడం, తోటిపిల్లలతో ఆట కుదరడం అన్నీ సరిగ్గా ఆ కాలంలోనే జరుగుతాయి. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ ‘నవచేతన’ పేరుతో, ఏ నెల వయసులో ఏ ఆటపాటలు ఆడించాలో తెలిపే 36 నెలల క్యాలెండరును విడుదల చేసింది. అది మెచ్చదగిన పనే కాని, ఆచరణలో కార్యకర్తకు సందేహం వస్తే తీర్చగల నిపుణులను తయారుచేసే చదువు మన దగ్గర అరుదు.

టంగుటూరు, కొండపి వైపు పొగాకు గ్రేడింగు సాగే రోజుల్లో షెడ్ల పక్కన చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలు కనిపిస్తాయి. తల్లి ఆకును రంగును బట్టి వేరు చేస్తుంటే, ఏడాదిన్నర పిల్లవాడు సెల్‌ఫోను చూస్తూ కూర్చుంటాడు. ఇంకా మాటలు రాలేదేమని అడిగితే, వాళ్ల నాయనకూ నాలుగేళ్లకు గాని మాటలు రాలేదని నాయనమ్మ చెబుతుంది. ఆవిడ మాట నిజం కావచ్చు, పిల్లవాడికి వినికిడి లోపమూ ఉండవచ్చు. పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, కావలసినదాన్ని వేలితో చూపిస్తున్నాడా అని గమనించి, వినికిడి పరీక్షకు పంపవలసిన వారెవరో తేల్చుకోవడం శిక్షణతో గాని రాదు. వినికిడి లోపాన్ని నెలలోపు పరీక్షించి, మూడు నెలలకు నిర్ధారించి, ఆరు నెలలకల్లా సాయం మొదలుపెట్టాలన్నది వైద్యులు పాటించే ప్రమాణం కాబట్టి ఏడాదిన్నర అంటే ఇప్పటికే ఆలస్యం. వినికిడి లోపానికి ఒక కారణం కాగల మేనరికాలు ఇంకా జరుగుతున్న మన ప్రాంతంలో ఆ సంగతిని కోడలి మీద నింద పడకుండా ఇంటిల్లిపాదికీ చెప్పడం మరీ కష్టం. కుటుంబానికి అండ అంటే ముందుగా నేర్పవలసింది ఇదేనని నా అభిప్రాయం.

పిల్లల్ని పెంచడానికి పీజీ ఎందుకని నవ్వేవారు ఉంటారు. 1980లలో జమైకాలో ఎదుగుదల కుంటుపడిన పిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారం వారం వెళ్లి, వాడి పారేసే వస్తువులతో చేసిన బొమ్మలతో ఎలా ఆడించాలో తల్లులకు నేర్పారు. ఆ పిల్లలు ఇరవై రెండేళ్ల వయసు వచ్చేసరికి, అటువంటి సాయం అందనివారికన్నా 25 శాతం ఎక్కువ సంపాదిస్తున్నట్టు పరిశోధకులు గుర్తించారు. ఇళ్లకు వెళ్లినవారు పెద్ద చదువులు చదివినవారు కారు, కాని వారికి శిక్షణ ఇచ్చి, వెన్నంటి పర్యవేక్షించినవారు ఈ శాస్త్రం క్షుణ్ణంగా తెలిసినవారు. మనకు కొరవడినది ఆ శిక్షకుల శ్రేణే. అమెరికాలో గర్భిణులకు, మూడేళ్లలోపు పిల్లలకు ఉద్దేశించిన ‘ఎర్లీ హెడ్ స్టార్ట్’ వంటి కార్యక్రమాలు ఉండగా, 1966లో షికాగోలో స్థాపించిన ఎరిక్సన్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు పసివాళ్లతో, వారి కుటుంబాలతో పనిచేసేవారికి ప్రత్యేకంగా ఉన్నత విద్యను అందిస్తున్నాయి. మన గుంటూరు కమ్యూనిటీ సైన్స్ (గృహవిజ్ఞాన) కళాశాలలోనూ, బరోడా విశ్వవిద్యాలయంలోనూ మానవ అభివృద్ధి, కుటుంబ అధ్యయనాల విభాగాలు ఉన్నాయి. అయితే ఆ శాస్త్రం పుట్టుక నుంచి వార్ధక్యం దాకా పరుచుకున్నది కనుక తొలి మూడేళ్లకు దక్కే చోటు తక్కువ.

ఒంగోలు కోర్సు సగం తరగతి గదిలో, సగం ఇళ్లలో జరగాలి. విద్యార్థి ఒకే కుటుంబాన్ని ఏడాది పొడవునా గమనించాలి. కొత్తపట్నం మత్స్యకారుల పల్లె కావచ్చు, చీమకుర్తి క్వారీలకు వలస వచ్చినవారి గుడిసె కావచ్చు, పక్కనున్న నెల్లూరు జిల్లాలోని యానాది కాలనీ కావచ్చు. శిశువు మెదడు ఎదుగుదల, తల్లీబిడ్డల అనుబంధం, తిరువనంతపురంలో రూపొందించిన రెండేళ్లలోపు పిల్లల ఎదుగుదల పరీక్ష పట్టిక, పురుడు పోసుకున్న తల్లిని పట్టి పీడించే దిగులు సిలబస్సులో ఉండాలి. ఈ చివరిదాన్ని మన ఇళ్లలో గాలి సోకిందని తీసిపారేస్తారు కనుక దానికి ఎక్కువ సమయం కేటాయించాలి.

ఉద్యోగాల మాట కూడా ముందే తేల్చుకోవాలి. పిల్లల ఎదుగుదల లోపాలను తొలి దశలోనే గుర్తించి సాయపడే జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల మార్గదర్శకాల్లో ఎర్లీ ఇంటర్వెన్షనిస్టు పోస్టు ఉంది. 2017 నాటి ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం తెచ్చిన నియమం ప్రకారం 50 మంది, ఆపైన పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. ప్రత్యేక అవసరాల పిల్లలతో పనిచేయాలంటే వికలాంగులకు సేవలందించే వృత్తుల చదువులను నియంత్రించే భారత పునరావాస మండలి గుర్తింపు కావాలి కాబట్టి, ప్రవేశాలు మొదలుకాకముందే విశ్వవిద్యాలయం దానికి దరఖాస్తు చేయాలి. డిగ్రీ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు కొన్ని సీట్లు ప్రత్యేకించడంతో పాటు, స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఆ కార్యకర్తలకు వేతనంతో కూడిన సెలవు మంజూరు చేయాలి. లేకపోతే సీట్లు ఉన్నా వారిలో ఎవరూ చేరలేరు.

– విశ్రాంత అధ్యాపకురాలు, ఒంగోలు