మెమరీ చాలకపోతే కంప్యూటర్ మార్చమంటారా?

సంపాదకులు గారికి నమస్కారం.

కడప ఏడురోడ్ల కూడలి దగ్గర పన్నెండేళ్లుగా ఆన్‌లైన్ దరఖాస్తుల సెంటర్ నడుపుతున్నాను. "సిస్టం బాగా స్లో అయిందన్నా, కొత్తది కొనమంటున్నారు" అని వారానికి ఒకరిద్దరైనా నన్ను అడుగుతుంటారు. పోయిన నెల ఆ మాట నాకే ఎదురైంది. దరఖాస్తుకు అదే చివరి రోజు. పులివెందుల నుంచి వచ్చిన అమ్మాయి పక్కనే టెన్షన్‌గా కూర్చుంది. సబ్మిట్ నొక్కితే మౌస్ బాణం కదలదు. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతోంది, లోపల గరగరమని ఒకటే చప్పుడు. రిపేరు చేసే అతను వచ్చి చూసి, మదర్‌బోర్డు పోయింది, కొత్తది తీసుకో అన్నాడు.

నాది ఉబుంటు (విండోస్ లాంటిదే, లైనక్స్ రకం) వేసిన, 4 జీబీ మెమరీ (ర్యామ్) ఉన్న మెషీన్. మెమరీ వాడకం చూపే వీఎంస్టాట్ అనే కమాండ్ పెట్టి చూశాను. మెమరీలో పట్టనివాటిని డిస్కులో దాచే చోటు స్వాప్. అక్కడి నుంచి మెమరీలోకి వెనక్కి వచ్చే లెక్క చూపే 'ఎస్ఐ' గడిలో సున్నా ఉండాల్సింది, వేలల్లో అంకెలు కనిపించాయి. బోర్డు నిక్షేపంగా ఉంది. మెమరీ చాలడం లేదు, అంతే.

మెమరీ నిండితే కెర్నల్ (సిస్టంను నడిపే అసలు ప్రోగ్రాం) కొంతకాలంగా వాడని పేజీలను, అంటే మెమరీ ముక్కలను, డిస్కులోని స్వాప్ ఫైలుకు అటకెక్కిస్తుంది. ఒక్కో పేజీ 4 కేబీ. దేన్ని ఎక్కడ పెట్టిందో పేజీ టేబుల్లో గుర్తు రాసుకుంటుంది. ప్రోగ్రాం మళ్లీ ఆ పేజీని ముట్టుకుంటే పేజీ ఫాల్ట్ వస్తుంది. పేరులో ఫాల్ట్ ఉన్నా అది తప్పు కాదు, "నా పేజీ తెచ్చివ్వు" అనే పిలుపు. కెర్నల్ ముందు మెమరీలోనే ఉండే స్వాప్ క్యాష్‌లో వెతుకుతుంది, అక్కడ లేకపోతే డిస్కు నుంచి చదువుతుంది. అది వచ్చేదాకా ప్రోగ్రాం కదలదు. మా అమ్మ అటకెక్కితే ఒక్క జాడీతో దిగదు, పక్కనున్నవీ దించుతుంది. లైనక్సూ అంతే. మామూలు హార్డ్ డిస్కు మీద ఒక పేజీ కోసం వెళ్లి చుట్టుపక్కలవి కలిపి 8 దాకా తెస్తుంది. అయినా నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక్క చుట్టు తిరగడానికే 8 మిల్లీసెకన్లు దాటుతుంది. ర్యామ్‌లో అదే పని నానోసెకన్లలో తెములుతుంది. ఆ చప్పుడంతా ఈ ఎక్కడం దిగడంలోదే.

అనవసరమైన ట్యాబులన్నీ మూసేశాక, రాత్రి 11.40కి ఆ అమ్మాయి దరఖాస్తు వెళ్లింది. మర్నాడే సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించాను. అదే మెషీన్, అవే ట్యాబులు, ఎస్ఐ గడిలో సున్నా.

అప్పు చేసి కొత్త సిస్టం కొన్నవాళ్లను నా కళ్లతో చూశాను. రిపేరు నేర్పేచోట ఈ వీఎంస్టాట్ పరీక్ష మొదటిరోజే చేయించాలి. మీ జిల్లా పేజీలో దీన్ని వివరంగా వేయండి. చూపించమంటే నా మెషీన్ మీదే చూపిస్తాను.

– ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు, కడప