మా లెక్కల పీరియడు సంగతి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ మంత్రి గారికి,

గుంటూరులోని ఒక మున్సిపల్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి చదువుతున్న బాలుడి తండ్రిని. మిర్చి యార్డులో ఒక కమీషను కొట్టులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మా బడికి లెక్కల మాస్టారిని ఇవ్వమని తల్లిదండ్రులమంతా కలిసి నాలుగు అర్జీలు పెట్టుకున్నాము. నాలుగింటికీ రసీదులు ఉన్నాయి, ఒక్కదానికీ జవాబు లేదు. చివరి అర్జీ అందుకున్న అధికారి కాగితం పూర్తిగా చదవకముందే, ‘సర్కారు బడి పిల్లలకు చదువు మీద శ్రద్ధ ఉండదండీ, మాస్టార్లు మాత్రం ఏం చేస్తారు’ అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పుకోకుండా ఉండలేక ఈ లేఖ రాస్తున్నాను.

మా వాడికి ఎనిమిదో తరగతి దాకా లెక్కలంటే ప్రాణం. సెలవుల్లో నాతో కొట్టుకు వచ్చి, టిక్కీల (మిర్చి బస్తాల) తూకమూ క్వింటాలు ధరా చెబితే కాగితం ముట్టకుండా సొమ్ము చెప్పేవాడు. వాడు తొమ్మిదిలోకి వచ్చిన ఏడాదే లెక్కల మాస్టారు బదిలీ మీద వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆ పీరియడులో ఎవరికి తీరిక ఉంటే ఆ టీచరు వచ్చి, పిల్లలు అల్లరి చేయకుండా చూసి వెళుతున్నారు. వారిని తప్పుపట్టను, హిందీ చెప్పే టీచరును త్రిభుజాల సిద్ధాంతాలు చెప్పమనడం న్యాయం కాదు. పిల్లలు గైడులో ఉన్న లెక్కను నోటుబుక్కులోకి ఎక్కిస్తున్నారు, ఆ నోటుబుక్కు మీద టిక్కు పడుతోంది. మొదట్లో మా వాడు ‘మాకు లెక్కలు చెప్పడం లేదు నాన్నా’ అనేవాడు. ఇప్పుడు ‘నాకు లెక్కలు రావు’ అంటున్నాడు. అయ్యా, ఈ రెండు మాటల మధ్య ఏడాదికి పైగా ఖాళీగా ఉన్న ఒక పోస్టు ఉంది. మీ అధికారి అశ్రద్ధ అన్నది దీనినే.

మాస్టారు సంక్రాంతి తరువాత వస్తారన్నారు, ఆ తరువాత బదిలీల కౌన్సెలింగ్ కానివ్వమన్నారు, ఆపైన డీఎస్సీ కానివ్వమన్నారు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ కూడా అయిపోయింది, మా పిల్లల లెక్కల పీరియడు మాత్రం అలాగే ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు గణితం, సైన్సు చెప్పే టీచరు ఉండి తీరాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ చట్టం పద్నాలుగేళ్ల వయసుతో ఆగిపోతుంది కనుక, పబ్లిక్ పరీక్ష రాసే మా పిల్లలు ఏ హక్కు చూపి అడగాలి? డిసెంబరు వస్తే పదో తరగతికి వంద రోజుల ప్రణాళిక అంటారు. అసలు చెప్పని పాఠాన్ని పునశ్చరణ చేయించడం ఎలాగో నాకు తెలియడం లేదు. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది. సర్కారు బడి పిల్లలకు అక్కడ 4 శాతం కలుపుతారని సంతోషించాము, కానీ నూటికి ముప్పై అయిదు తెచ్చుకోవడమే గగనమైన పిల్లవాడికి అది ఏ మూలకు సరిపోతుంది?

ప్రైవేటు బడిలో వేయకపోయారా అని కొందరు అడుగుతారు. విజయవాడలో మా తమ్ముడి కూతురు అలాంటి బడిలోనే తొమ్మిది చదువుతోంది. అక్కడ ప్రతి సబ్జెక్టుకూ టీచరు ఉన్నారు. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, వారం వారం పరీక్ష, మార్కులు తగ్గితే సెక్షను మార్పు. దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్ల, ‘పెదనాన్నా, ఈ చదువు ఎప్పుడు అయిపోతుంది’ అని అడిగింది. ఆ బడిని ఆదర్శంగా చూపమని నేను కోరడం లేదు. మా బడిలో ఏడుస్తూ చదివే పిల్లలు లేరు, చదువు చెప్పేవారి కోసం ఎదురుచూసే పిల్లలు ఉన్నారు. స్తోమత ఉన్నవారు బ్రాడీపేటలో ట్యూషను పెట్టించుకున్నారు, ఈ ఏడాది నలుగురు టీసీలు తీసుకుని వెళ్లిపోయారు. మిగిలినవారు మా లాంటివారి పిల్లలు.

దయచేసి మా బడికి గణితం స్కూల్ అసిస్టెంటును ఇప్పించండి. కొత్త నియామకానికి ఆలస్యమవుతుందంటే, పిల్లలు తక్కువగా ఉన్న మరో బడి నుంచి సర్దుబాటు మీదైనా పంపించండి, అది జిల్లా స్థాయిలోనే అయ్యే పని. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మీరు ఒకసారి ముందుగా చెప్పకుండా మా బడికి వచ్చి లెక్కల పీరియడులో కూర్చోండి, పిల్లలకు శ్రద్ధ లేదో, మరేది లేదో మీకే తెలుస్తుంది. అయిదో అర్జీ పెట్టుకునే వ్యవధి మా పిల్లలకు లేదు.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి తండ్రి,
గుంటూరు.